ఆట ఉన్న రోజు

రాత్రి బల్ల మీద పెట్టిన మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ తెల్లారేసరికి కూడా అక్కడే ఉంది. ఒక మూల గరిటెడు మాత్రం లేచింది. ఆ గరిటె చేతిలో ఉండగానే అత్తగారు లోయిస్ నోరు జారింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు.

కర్ట్ కౌప్పి వంటింటి గుమ్మంలో నిలబడి ఆ గిన్నె వైపే చూస్తున్నాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అత్తగారి మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. "జనవరిలో ఆస్పత్రిలో మార్నీ పక్కన కూర్చున్నప్పుడు కూడా ఇంతే, ఆకలి చచ్చిపోయింది నాకు" అంది ఆవిడ, బయట మంచు పడుతోందని చెప్పినంత మామూలుగా.

ఏ ఆస్పత్రి అని అడిగాడు కర్ట్. భార్య మార్నీ ప్లేటులోకి చూసింది. లోయిస్ గరిటెలోకి చూసింది. జవాబు చెప్పింది పదేళ్ళ కూతురు టిల్లీ.

"మన బేబీ పోయినప్పుడు నాన్నా" అంది. అనేసి వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ. రేపు నీకు ఆట కదా."

బిడ్డ కడుపులో పడ్డ సంగతే కర్ట్‌కు తెలియదు. వరసగా నాలుగు రోజులు ఆటలు లేని శీతాకాలపు సెలవుల్లో చెబుదామని మార్నీ దాచుకుంది. ఆ సెలవులు రాకముందే చెప్పడానికేమీ మిగల్లేదు. ఇదంతా ఇంట్లో అందరికీ తెలుసు, ఆఖరికి టిల్లీకి కూడా. బిడ్డ పోయిన దుఃఖం ఒకెత్తు. కూతురు తనకు సారీ చెప్పడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే అతన్ని ఎక్కువగా కోసింది.

ఇప్పుడు మార్నీ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. ఉద్యోగానికి వెళ్ళే బట్టల్లో ఉంది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఊరందరి పళ్ళూ తళతళలాడేలా తోముతుంది. మొగుడి నోట్లో మాత్రం ముందు పళ్ళు మూడు లేవు, ఐస్ హాకీ ఆడుతూ ఉంటే అవి మూడు వేరు వేరు ఊళ్ళ మంచు మీద రాలాయి.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు కర్ట్.

"కాఫీలో పాలు పొయ్యనా?"

"మార్నీ, నిన్నే అడిగేది."

"ఇవాళ నీకు ఆట ఉంది."

"ఆట మాట పక్కన పెట్టు."

మార్నీ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "పక్కన పెట్టే మాటైతే పెళ్ళైన కొత్తలోనే పెట్టేవాళ్ళం కదా. ఆ రోజు నీకు ఆట. మర్నాడు మిల్వాకీకి బస్సు. ఆ మర్నాడు ఆట, దాని మర్నాడు ఇంకోటి. ఆదివారం వచ్చి పొద్దుగూకేదాకా నిద్రపోయావు. సోమవారం చెబుదామనుకున్నా. నీ భుజం పట్టేసింది, మంగళవారం ఆడతావో లేదోనని ఒకటే కంగారు. నువ్వే చెప్పు, ఏ రోజు చెప్పాల్సింది నేను?"

"ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే వచ్చేవాణ్ణి."

"వచ్చేవాడివా?"

దెప్పిపొడుస్తున్నట్టు లేదు ఆ మాట. నిజంగానే అడిగింది. అవునని అనడానికి కర్ట్ నోరు తెరిచాడు.  ఆట ఉన్న రోజు తన ఫోన్ అసలు మోగదని ఇద్దరికీ తెలుసు. పొద్దున లేస్తూనే కట్టేసి సొరుగులో పడేస్తాడు.

లోయిస్ గిన్నె తీసి మిగిలింది చెత్తబుట్టలోకి గోకడం మొదలుపెట్టింది. జనవరిలో నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మనిషి ఏప్రిల్ వచ్చినా కదల్లేదు. ఎందుకు కదల్లేదో అల్లుడు ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చలికి జడిసి ఉండిపోయింది కాబోలు అనుకున్నాడు.

"తప్పంతా నాదే నాయనా" అంది ఆవిడ. "ఈ నోరుంది చూశావూ, దీన్ని కుట్టేసుకోవాలి."

"మీరు కూడా కుట్టేసుకుంటే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనుషులే ఉండరు లోయిస్."

అది నవ్వులాట కాదని ముగ్గురికీ అర్థమైంది. లోయిస్ మళ్ళీ గిన్నె గోకసాగింది.

టిల్లీ బడి సంచి తగిలించుకుని మెట్లు దిగింది. తండ్రి ముందుకొచ్చి ఆగి, "నాన్నా, నేను..." అంది. అమ్మమ్మ గరిటె ఆపి మనవరాలి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు కర్ట్ కంట పడనే పడింది.

"చెప్పమ్మా" అన్నాడు.

"ఏం లేదు. బాగా ఆడు" అని కారు వైపు తుర్రుమంది.

బుధవారం పిల్లకు బడి అయ్యాక హాకీ ప్రాక్టీసు. గుమ్మం పక్కన బూట్ల గదిలో ఆమె సంచి ఉంది. ఎప్పుడూ మార్నీయే కారులో పెడుతుంది. ఆ రోజు ఏదో ఒకటి చేయాలనిపించి కర్ట్ దాన్ని భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

సంచి వాసన వేయడం లేదు.

హాకీ సంచి అంటే ఎలా ఉండాలి? ఎన్ని సార్లు ఉతికినా, ఎండలో ఆరేసినా, ఆ చెమట కంపు ఇల్లంతా తెలిసిపోవాలి. చిన్నప్పుడు తన సంచిని తల్లి ఇంట్లోకి రానిచ్చేది కాదు. కర్ట్ జిప్పు కాస్త లాగి చెయ్యి పెట్టాడు. చేతి తొడుగులు పొడిగా, అట్టముక్కల్లా గట్టిగా ఉన్నాయి. వాటిలోకి చెయ్యి దూరి నెలలైంది. ప్రతి బుధవారం ఈ సంచి కారెక్కుతోంది, సాయంత్రం దిగుతోంది, అంతే. ప్రతి బుధవారం అతను ప్రాక్టీసు ఎలా ఉందని అడుగుతున్నాడు. బాగుంది నాన్నా అని పిల్ల చెబుతోంది.

జిప్పు మూసి సంచిని మెల్లగా కారులో పెట్టాడు. అప్పటికే కారెక్కి కూర్చున్న కూతురితో, "ఇవాళ ప్రాక్టీసు ఉందిగా?" అన్నాడు.

"ఆఁ, ఉంది" అంది టిల్లీ కిటికీలోంచి బయటికి చూస్తూ.

నిలదీయలేదు కర్ట్. నిలదీస్తే నిజం వస్తుంది, కానీ అది తను లాక్కున్న నిజం. పిల్ల తనంతట తాను వచ్చి చెప్పాలి. ప్రపంచంలో ఇప్పుడతనికి కావలసింది అదొక్కటే.

ఆట రోజున అతనికేమీ చెప్పకూడదన్న ఈ నియమం ఎవరు పెట్టారనుకున్నారు? ఆయనగారే. కాలేజీ రెండో ఏడు, ఆఖరి పోటీ ఉన్న రోజు మధ్యాహ్నం తల్లి ఫోన్ చేసింది. నేనూ మీ నాన్నా విడిపోతున్నాం, నీకు ముందే చెప్పడం మంచిదని చేశాను అంది. ఆ రాత్రి ఆట ముగుస్తుందనగా కర్ట్ తన గోలు ముందు నుంచే రబ్బరు బిళ్ళ పక్‌ను అడ్డంగా తోశాడు. డిఫెన్స్ ఆడేవాడు చేయకూడని పని అది. పసిపిల్లలకు స్కేట్లు తొడిగిన రోజే చెబుతారు. పక్ నేరుగా వెళ్ళి అవతలి జట్టు వాడి కర్రకు తగిలింది, గోలైంది, ఆట పోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్కడూ అతనితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆట ఉన్న రోజు కబుర్లు బంద్. మంచివైనా చెడ్డవైనా సరే, ఆట అయ్యాకే. పెళ్ళికి ముందు మార్నీని అడిగింది కూడా ఇదొక్కటే. "ఇంతేనా? నేనింకా ఏదో పెద్దది అడుగుతావనుకున్నా" అని నవ్వింది ఆమె. డెబ్బై చిల్లర ఆటల సీజను ముందు పడుందని పాపం ఆమెకు తట్టలేదు. కొన్నాళ్ళకు ఆట ముందు రోజు కూడా ఆట రోజే అయింది. ఆట మర్నాడు అలసట రోజైంది. అందరూ అతని మంచి కోరే నోరు మూసుకున్నారు. అలా నోళ్ళు మూసుకుంటూ మూసుకుంటూ అతన్ని ఇంట్లోంచి మెల్లగా బయట పెట్టేశారు, వాళ్ళకే తెలియకుండా.

రింక్‌లో మంచు మీద ఉదయం ప్రాక్టీసు చలాకీగా సాగింది. ఆ రాత్రి గెలిస్తే తర్వాతి అంచె. ఓడితే సీజను అక్కడితో సరి. కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటున్నారు.

"ఏం తాతా, మోకాళ్ళకు నూనె రాశావా?" అన్నాడు గోలు కాసే గోలీ.

"నువ్వు వదిలేసేవన్నీ ఆపీ ఆపీ అరిగాయిరా అవి" అన్నాడు కర్ట్. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఉన్నాడు, వెనక నుంచి ఎవరో అతని పిక్కల మీది కవచాన్ని కర్రతో రెండు సార్లు తట్టారు. సహాయ కోచ్ రూడీ.

"నువ్వు కాస్త ఉండు కర్ట్."

ఆట రోజు పొద్దున, రాత్రికి ఆడేవాళ్ళు త్వరగా మంచు దిగిపోతారు. ఆడనివాళ్ళు వెనక ఉండి, ఊపిరి ఆడనంతగా పరుగులు తీస్తారు. ఎక్కడైనా ఇదే పద్ధతి. నువ్వు ఆడటం లేదని నోటితో ఎవరూ చెప్పరు, ఉండమంటారు. కర్ట్‌కు ఈ ఉండమనడం ఊళ్ళో అడుగుపెట్టిన కొత్తలో తెలుసు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మళ్ళీ ఎవరూ అతని కాలు తట్టలేదు.

నలుగురు మిగిలారు. గాయాలు మానుతున్న ఇద్దరు, రెండో గోలీ, కర్ట్. ఆ గీత నుంచి ఈ గీతకు, ఈ గీత నుంచి ఆ గీతకు. గుండెలు మండుతుంటే అతనికి అది హాయిగానే అనిపించింది. ఆగితే ఆలోచించాల్సి వస్తుంది.

తర్వాత పెద్ద కోచ్ ఫెల్డ్ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. కర్ట్ కూర్చోలేదు.

"ఇవాళ కోల్బీని దింపుతున్నాం. వాళ్ళ కుర్రాళ్ళు మహా వేగంగా ఉన్నారు, నీకూ తెలుసు."

"తెలుసు."

"నీ మీద గౌరవం లేక కాదు."

"అదీ తెలుసు కోచ్."

ఫెల్డ్ పెన్సిల్ అటూ ఇటూ దొర్లించాడు. "ఇంట్లోవాళ్ళు వస్తున్నారా ఇవాళ?"

"వస్తున్నారు."

"అయితే ముందే చెప్పు వాళ్ళకి. లేకపోతే మంచు మీద వెతుక్కుంటారు, బాగుండదు."

కోల్బీ కాలేజీ ఆట ముగించి మొన్ననే ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చాడు. బట్టలు మార్చుకునే గదిలో కర్ట్ కనిపించగానే బూటు తాడు విప్పడంలో మునిగిపోయాడు, విప్పడానికి అక్కడేమీ లేకపోయినా. పన్నెండేళ్ళ కిందట కర్ట్ కూడా సరిగ్గా ఇలాగే వచ్చాడు, ఇదే గదికి, ఇదే నెలలో. అప్పుడు తన కోసం పక్కకు తప్పుకున్న ముసలాయన పేరు బ్రాంట్. బ్రాంట్ ఆ రోజు కర్ట్ ఎదురుగా కూర్చుని ఒకే ఒక్క మాట చెప్పాడు. అదే మాట ఇప్పుడు కర్ట్ చెప్పాడు.

"మంచు చదును చేసే బండి వచ్చే తలుపుంది చూశావా, ఆ మూల. అక్కడ చెక్క కొంచెం ముందుకు పొడుచుకొచ్చింది. పక్ మనం అనుకున్నట్టు రాదు, ఎగిరి మధ్యలోకి పడుతుంది. ఒంటితో అడ్డుకో, కర్రతో అందుకుందామని చూడకు."

"సరే సార్" అన్నాడు కోల్బీ. తర్వాత గొంతు తగ్గించి, "సారీ అండీ" అన్నాడు.

రాత్రి నుంచి ఇది రెండో సారీ. "నీదేం తప్పు లేదు. భోజనం చేసి పడుకో పో" అన్నాడు కర్ట్.

పన్నెండు సీజన్లు. పెద్ద లీగులో ఒకే ఒక్క చలికాలం, అది కూడా ఎవరికో కాలు విరిగితే. మిగతాదంతా ఈ సరస్సు ఒడ్డు ఊరు, రాత్రి బస్సులు, పగటి నిద్రలు. గోలు కొట్టేవాళ్ళ పేర్లు పిల్లలకు గుర్తుంటాయి. గోలు కాకుండా ఆపేవాడు బాగా ఆడితే ఏమీ జరగదు, ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే అతను ఒళ్ళంతా హూనం చేసుకున్నాడు. ఒక్క మనిషికైనా ఈ సంగతి చెప్పుకోవాలనిపించింది. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలుసు. కారు ఇంటి వైపు తిప్పాడు.

ఇంట్లో కర్టెన్లన్నీ దించేసి ఉన్నాయి. తలుపు గంట మోగకుండా లోయిస్ దాని మీద పట్టీ అంటించింది. టీవీ లేదు, రేడియో లేదు. బల్ల మీద ఒక్క మనిషికి ప్లేటు, ఉడికించిన నూడుల్స్, కాల్చిన కోడి ముక్క. మార్నీ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. ఊళ్ళో ఆట ఉన్న ప్రతిసారీ పెడుతుంది. రాత్రి అంత జరిగాక ఇవాళ రాదనుకున్నాడు. వచ్చింది. కోడి ముక్క ఎప్పటిలాగే అతనికి నచ్చినట్టు అంచులు మాడి ఉంది. అది చూసి కర్ట్‌కు ఏడుపొచ్చింది.

"మార్నీ" అన్నాడు.

"తిను, చల్లారిపోతుంది."

"నీతో ఒక మాట చెప్పాలి."

"రాత్రి సంగతి అయితే రేపు మాట్లాడుకుందాం. పొద్దున నేను కూడా తొందరపడ్డాను. ఇంత పెద్ద ఆట పెట్టుకుని నిన్ను అలా అడగాల్సింది కాదు."

"రాత్రి సంగతి కాదు."

"ఏదైనా రేపే." మార్నీ అరచెయ్యి ఎత్తింది, కోపంగా కాదు. "నీ మాటే కదా కర్ట్, ఇన్నేళ్ళు నిలబెట్టాను. ఈ ఒక్క రోజుకి చెడగొట్టమంటావా?"

చెప్పేయొచ్చు. నేనివాళ ఆడటం లేదు. మూడు ముక్కలు. కానీ ఆ చీకటి చేసిన ఇల్లు, పట్టీ వేసిన గంట, సగం రోజు సెలవు, మునివేళ్ళ మీద నడుస్తున్న అత్తగారు, ఇదంతా ఎవరి కోసం? ఆట ఆడేవాడి కోసం. ఆ ఆడేవాడు లేడని తెలిస్తే ఈ బల్ల దగ్గర కూర్చున్న మనిషితో వాళ్ళకేం పని? ఆట లేని కర్ట్ ఎవరో వాళ్ళెప్పుడూ చూడలేదు. నిజానికి అతనూ చూడలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. ఫోర్క్ తీసుకుని మొత్తం తినేశాడు. రుచి తెలియలేదు.

తర్వాత వెళ్ళి పడుకున్నాడు కూడా. ఆడేవాళ్ళు పడుకునే సమయానికి, ఆడేవాళ్ళు పడుకునే చీకట్లో, దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు. తన ఇంట్లో తాను దొంగలా ఉండటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మార్నీ జనవరి నుంచి ఈ చీకటి పక్కనే పడుకుంటోంది. రోజూ ఇలాగే ఉండి ఉంటుంది ఆమెకు.

వీధి తలుపు చప్పుడైంది. టిల్లీ వచ్చినట్టుంది. బూట్లు విప్పిన చప్పుడు, గుసగుసలు. తర్వాత పడకగది తలుపుకు అవతల, బాగా దగ్గరగా, పిల్ల గొంతు వినిపించింది.

"నేను నాన్నకి చెప్పేస్తా అమ్మా."

"ష్. పడుకున్నాడు. రేపు చెబుదువుగాని."

"రేపు ఆట మర్నాడు అంటావు. ఎల్లుండి ఆట ముందు రోజు అంటావు. నాకు అబద్ధం ఆడీ ఆడీ కడుపులో నొప్పొస్తోంది."

"టిల్లీ, బంగారూ, ఈ ఒక్క రోజు."

కర్ట్ లేచాడు. చప్పుడు కాకుండా తలుపు దాకా వచ్చి పిడి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. తిప్పితే చాలు, పిల్ల ఎదురుగా ఉంటుంది. చెప్పమ్మా, నాకివాళ ఆట లేదు అంటే చాలు. తలుపు తీయడం ఎంతసేపు? ఇంతింత లావు మనుషులు దూసుకొస్తుంటే ఎదురెళ్ళి గుద్దుకున్నవాడు, పక్ దెబ్బకు పళ్ళు రాలినా లేచి నిలబడ్డవాడు, ఒక్క తలుపు తీయలేకపోయాడు మహానుభావుడు. అవతల అడుగుల చప్పుడు మెట్ల వైపు వెళ్ళిపోయింది. పిడి మీది చెయ్యి మాత్రం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం సూటు వేసుకుని, సొరుగులోని ఫోన్ కోటు జేబులో పడేసుకుని బయల్దేరాడు. ఆడినా ఆడకపోయినా సూటు తప్పదు, అదొక్కటి అతన్ని కాపాడింది. మార్నీ గుమ్మం దాకా వచ్చి, కోటు భుజం మీద అంటుకున్న దారం పోగు తీసేసింది.

"మేం ముగ్గురం ముందే వస్తాం. అద్దం దగ్గర నిలబడి నిన్ను చూడాలంటోంది టిల్లీ. చాలా రోజులైంది కదా, తనే అడిగింది."

చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని అతని లోపల ఎవరో అరుస్తున్నారు.

"సరే" అన్నాడు కర్ట్.

"జాగ్రత్త" అంది మార్నీ.

రింక్‌లో అన్నిటికంటే పైన, కప్పు కింద, పత్రికలవాళ్ళు కూర్చునే ఇరుకు గది ఒకటుంది. ఆ రోజు ఆడనివాళ్ళు ఆ వరస చివర కూర్చుంటారు. గాయాలవాళ్ళిద్దరూ మొక్కజొన్న పేలాల పొట్లం పంచుకుంటూ కర్ట్‌కు చోటిచ్చారు.  అతను వాళ్ళకు కాస్త ఎడంగా వెళ్ళి కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఆడిన మంచు ఇంత పైనుంచి చూస్తే దుప్పటంత ఉంది. బ్రాంట్ కూడా ఆ రాత్రి ఇక్కడే కూర్చుని ఉంటాడు. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు తను.

కింద ఆటగాళ్ళు ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి మంచు మీదికొచ్చి గుండ్రంగా తిరుగుతున్నారు. బండి తలుపు పక్కన అద్దానికి ముక్కు ఆనించి టిల్లీ నిలబడి ఉంది. తండ్రి నంబరు చొక్కా వేసుకుంది, మోకాళ్ళ దాకా వేలాడుతోంది. అది వాళ్ళిద్దరి చోటు. పిల్లకు నడక వచ్చినప్పటి నుంచి, రెండో చుట్టులో అక్కడికి రాగానే కర్ట్ అద్దాన్ని కర్రతో తడతాడు. అవతల్నుంచి ఆమె గుప్పిటతో తడుతుంది.

మొదటి చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. కోల్బీ ఆ మూల నుంచి రివ్వున దూసుకుపోయాడు. టిల్లీ గుప్పిట అద్దం మీద అలాగే ఉంది. మూడో చుట్టులో తల తిప్పి వెనక వరసలో ఉన్న తల్లిని చూసింది.

మార్నీ మంచు మీది మనుషులను ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. చివరి మనిషి దగ్గర ఆగింది. బెంచీ వైపు చూడలేదు, తలుపు వైపు చూడలేదు. తలెత్తి నేరుగా కప్పు కిందికి, అతనున్న చోటికే చూసింది. ఇన్నేళ్ళు హాకీ వాడితో కాపురం చేసిన మనిషికి ఎక్కడ చూడాలో ఒకరు చెప్పాలా? అంత దూరం నుంచి మొహం కనిపించదు. అయినా కర్ట్ కుర్చీ వెనక్కు లాక్కున్నాడు.

పొద్దున ఆమె అడిగిన మాట గుర్తొచ్చింది. ఏ రోజు చెప్పాల్సింది నేను? ఇప్పుడు తనూ సరిగ్గా అదే చేశాడు. భోజనం పెట్టినప్పుడు ఉన్నాడు, గుమ్మంలో దారం పోగు తీసినప్పుడు ఉన్నాడు, పక్కనే ఉండి చెప్పలేదు.

మళ్ళీ ముందుకు వంగి చూసేసరికి మార్నీ కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన లోయిస్ ఒక్కతే కూర్చుని అటూ ఇటూ చూస్తోంది.

కర్ట్ కోటు జేబులోంచి ఫోన్ తీసి తెరిచాడు. ఆట ఉన్న రోజు దాన్ని తెరవడం అతనికి గుర్తున్నంతలో లేదు. మార్నీకి చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేద్దామనుకుంటుండగా చేతిలోనే మోగింది. లోయిస్ నంబరు.

"లోయిస్, మార్నీ ఎక్కడికి..."

"నేను నాన్నా." టిల్లీ గొంతు. జనం గోలలో సన్నగా వినిపిస్తోంది. "ఊరికే చేసి చూశా. ఎత్తవనుకున్నా."

కింద అద్దం దగ్గర ఆ పొడుగు చొక్కా కనిపిస్తోంది. ఒక చెయ్యి చెవి దగ్గర ఉంది.

"అమ్మ ఏది తల్లీ?"

"కోటు వేసుకుని బయటికెళ్ళింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. అమ్మమ్మ నన్ను ఇక్కడే ఉండమంది." కింద పొడుగు చొక్కా ఇటు తిరిగింది. "నువ్వు పైన ఉన్నావని అమ్మ అంది."

"ఉన్నాను."

"అయితే ఇవాళ నీకు ఆట లేదా?"

"లేదు" అన్నాడు కర్ట్. పొద్దుటి నుంచి ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదలు.

 ఎడంగా పేలాలు నమిలే చప్పుడు ఆగిపోయింది. కింద ఆటగాళ్ళు ఒక్కొక్కరే మంచు దిగి లోపలికి వెళ్ళిపోతున్నారు. ఖాళీ అయిన మంచు ముందు పిల్ల ఒక్కతే అద్దానికి ఆనుకుని, తలెత్తి పైకి చూస్తోంది.

"అయితే నాన్నా," అంది మెల్లగా, "ఇప్పుడు నీకో సంగతి చెప్పొచ్చా?"